చీమకుర్తి రోడ్డులో సమాధి రాళ్ల షాపు: మా నాన్న రాయి చేయించిన అనుభవం

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి వైపు వెళ్తుంటే, ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎడమ చేతి పక్క రేకుల షెడ్డు ఒకటి వస్తుంది. బోర్డు లేదు. ముందున్న వేపచెట్టుకి నాలుగైదు నల్ల పలకలు ఆనించి ఉంటాయి. మేం వెళ్లిన రోజు ఒకదాని మీద సిలువ గుర్తు ఉంది, ఇంకోదాని మీద సగం చెక్కిన ఎవరిదో పేరు ఉంది. అదే ఆనవాలు. సమాధి రాయి చేయించాల్సి వస్తే ఎవరిని అడగాలో, ఎంత అవుతుందో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఆ టెన్షన్‌లో ఎవరికీ తోచదు. మాకూ తోచలేదు. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్కలు. మేం తీసుకున్నది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలక. గెలాక్సీ రాయి. ఫ్యాక్టరీలో కోయగా మిగిలిన ముక్క కాబట్టి రాయికి 2,400 రూపాయలే పడింది. అక్షరానికి 25 రూపాయలు. గుణింతానికి వేరే లెక్క లేదు కానీ ఒత్తుకి కూడా అక్షరం రేటే వేస్తారు, ఇది ముందే తెలుసుకోండి. పేరు, తేదీలు, వాక్యం, అంకెలు, ఒత్తులు కలిపి మాకు 128 వచ్చాయి, అంటే 3,200. సిలువ గుర్తుకి 300. ఆటోలో మా ఊరు తెచ్చి సిమెంటుతో బిగించినందుకు 1,800. మొత్తం 7,700. బేరం ఆడితే ఒక వంద తగ్గించాడేమో గానీ నేను ఆడలేదు. ఆ పని చూశాక ఆడబుద్ధి కాలేదు.

అక్కడ చెక్కేది ఒక పెద్దాయన, ఆయన కొడుకు. కొడుకు దగ్గర కంప్యూటరు, స్టిక్కరు కోసే మెషీను ఉన్నాయి. పెద్దాయన దగ్గర ఉలి, సుత్తి, ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉన్నాయి. ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలి. అందులో సమాధుల మీద వేసే వాక్యాలన్నీ రాసి పెట్టుకున్నాడు, పక్కన ఎన్ని అక్షరాలో, ఎన్ని ఒత్తులో లెక్కతో సహా. 'మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని' అందరికంటే ఎక్కువమంది అడిగేదట. తర్వాత 'పునరుత్థానమును జీవమును నేనే'. బాగా భక్తిగా బతికిన ముసలమ్మలకి 'యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువగలది'. పాస్టర్లకి 'చావైతే లాభము'. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, వస్తే నిత్య విశ్రాంతి కోసం చేసే ప్రార్థన వేయించుకుంటారని దానికి వేరే పేజీ ఉంది. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. మా నాన్నకి సరిపోయేది ఒక్కటీ కనిపించలేదు.

నాన్న ఇరవై ఆరేళ్లు ట్రాలర్ లారీ నడిపాడు. చీమకుర్తి క్వారీల నుంచి బ్లాకులు చెన్నై హార్బర్‌కి. నల్లటి రాయిలో రాగి రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ రాయి ఈ ప్రాంతంలోనే దొరుకుతుంది, ఇక్కడి నుంచే విదేశాలకి పోతుంది, అక్కడా చాలా వరకు వంటింటి గట్లకీ సమాధులకీ వాడతారు. 'తెల్లోళ్ల సమాధులన్నీ నా బండి మీదే పోతన్నయ్యి' అనేవాడు నాన్న. తాగేవాడు. ట్రిప్పు డబ్బు ఇంటికి సగమే వచ్చేది. అమ్మ కమ్మలు రెండుసార్లు తాకట్టు పెట్టాడు, రెండోసారి విడిపించలేదు. అమ్మ మీద చెయ్యి కూడా చేసుకున్నాడు. నేను చూశాను. ఇవేవీ దాచిపెట్టి రాస్తే ఈ రాయి కథ అబద్ధమవుతుంది.

ఇంకో సంగతి, నాన్న బాప్తిస్మం తీసుకోలేదు. బాప్తిస్టు సంఘంలో పుట్టిన మాకు ఇది చిన్న విషయం కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మానికి నీళ్లలో దిగారు. కరువు కాలంలో తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని అమెరికా నుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు అప్పటిదాకా నెలల తరబడి బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఆ రోజు దిగినవాళ్లలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. అంత పేరున్న ఇంట్లో పుట్టి నాన్న నీళ్లలో దిగలేదు, బల్లలో పాలు పొందలేదు, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి గుడి బయట గోడ దగ్గర నిలబడి పాటలు విని వెళ్లిపోయేవాడు.

చివరి నెల ఒంగోలులో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు, కాలేయం పూర్తిగా పాడైంది. రాత్రిళ్లు చదవమనేవాడు. లూకా సువార్తలో యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ దగ్గరికి వచ్చినప్పుడు ఆపమన్నాడు. 'యేసూ, నన్ను జ్ఞాపకము చేసికొనుము' అని దొంగ అడుగుతాడు కదా, దానికి జవాబు మళ్లీ చదవమన్నాడు. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు.' కాసేపాగి అడిగాడు: 'ఆ దొంగకి బాప్తిస్మం ఎవరిచ్చారమ్మా?'

నేను ఏమీ చెప్పలేకపోయాను. టీచర్‌ని, పిల్లలు అడిగితే ఏదో ఒకటి చెప్తాను. నాన్నకి చెప్పలేకపోయాను. తెల్లారి కళ్లు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపాడు. ఏం మాట్లాడుకున్నాడో మాకు తెలీదు. మూడో రోజు పోయాడు.

భూస్థాపన రోజు వేరే ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు వాక్యం చెప్పాడు. పెట్టె ఇంకా మూత వేయలేదు. ధనవంతుడు, లాజరు కథ తీశాడు, ధనవంతుడు చనిపోయాక మంటల్లో పడి, అవతల ఉన్న బిచ్చగాడు లాజరు చేత నీళ్లు పంపమని అడిగే కథ. 'అప్పుడతడు పాతాళములో బాధపడుచు కన్నులెత్తి' దగ్గర ఆగి, పెట్టెలోకి చూసి, మళ్లీ మా వైపు చూశాడు. వేలి కొనను నీళ్లలో ముంచి నాలుక చల్లార్చమని అడిగినా దొరకలేదు, మహా అగాధం ఉంది, ఆలస్యం చేసినవాళ్ల గతి ఇదే అన్నాడు. పిల్లలున్నారు అక్కడ. మా తమ్ముడి కొడుక్కి ఏడేళ్లు. 'తాతకి నీళ్లు ఇవ్వరా?' అని నన్ను అడిగాడు. అమ్మ ఆ రోజు నుంచి ఆదరణ కూడిక (ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ప్రార్థన) దాకా సరిగ్గా అన్నం తినలేదు. నీళ్ల గ్లాసు పట్టుకుంటే ఏడ్చేది.

అందుకే మాకు సమాధి మీద వాక్యం ఏదో ఒకటి అనుకుని వేయించేది కాలేదు. నేను బైబిలు పట్టుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నేనూ పాతాళం, నరకం రెండూ ఒకటే అనుకున్నాను, వినడం అలాగే విన్నాను. మన తెలుగు బైబిల్లో మాటలు వేరువేరుగా ఉన్నాయి. చనిపోయినవాళ్లందరూ చేరే చోటుని పాతాళం అన్నారు, ప్రకటన గ్రంథంలో మృతుల లోకం అని కూడా అన్నారు. దావీదు 'నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు' అని పాడింది దాని గురించే. నరకం అన్న మాట ఎక్కువగా యేసు నోటి నుంచి వస్తుంది, మూలంలో అది గెహెన్నా, అంటే హిన్నోము లోయ. యెరూషలేము పక్కనే ఉన్న నిజమైన లోయ. ఒకప్పుడు అక్కడ పిల్లల్ని అగ్నిలో బలి ఇచ్చేవాళ్లని, యోషీయా రాజు ఆ చోటుని అపవిత్రం చేసి ఆ పని ఆపించాడని రాజుల గ్రంథంలో ఉంది. నరకం అని చెప్పడానికి యేసు పిల్లల్ని కాల్చిన లోయ పేరు వాడాడని తెలిశాక ఆ మాట నాకు ఇంకా భయంకరంగా వినిపించింది. కానీ ఎవరి మీద పడితే వాళ్ల మీద విసరడానికి ఉన్న మాటలా మాత్రం అనిపించలేదు.

ధనవంతుడి కథ కూడా మళ్లీ చదివాను. అందులో ఆలస్యం చేయడం గురించి లేదు. వాకిట్లో కురుపులతో పడి ఉన్న మనిషిని రోజూ దాటుకుంటూ పోవడం గురించి ఉంది. రాళ్ల షాపులో కూర్చున్నప్పుడు ఇంకోటి తట్టింది. ఆ కథలో ధనవంతుడికి పేరు లేదు. బిచ్చగాడికే పేరుంది.

నరకం లేదని నేను అనను. అది లేదంటే నాకు కష్టం. మా జిల్లాలో పెరిగిన మాలాంటి వాళ్లకి కారంచేడు తెలుసు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితులని వెంటాడి చంపారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. ఆ ఇళ్లలోని తల్లులకి 'చివరికి తీర్పనేది ఏమీ లేదు, అందరూ ఒక్కటే' అని నేను చెప్పలేను. ప్రకటన గ్రంథంలో చంపబడినవాళ్ల ఆత్మలు బలిపీఠం కింద నుంచి 'యెందాక' అని కేక వేస్తాయి. ఆ కేకకి జవాబు ఉండాలి. 'వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును' అని రాసి ఉంది కానీ, కన్నీళ్లు పెట్టించినవాడి లెక్క చూడకుండా ఊరికే తుడిచేస్తే అది తుడవడం కాదు.

మా పిన్ని వాళ్లు గుంటూరులో లూథరన్ సంఘం. వాళ్ల విశ్వాస ప్రమాణంలో యేసు చనిపోయి, పాతిపెట్టబడి, 'అదృశ్యలోకములోనికి దిగెను' అని ఉంటుంది. పిన్ని ఫోన్‌లో 'ఆయన దిగని చోటు లేదులే అక్కా' అని అమ్మకి చెప్పింది. పక్కింటి ఆర్‌సీఎం ఆమె ఉత్తరించు స్థలం గురించి చెప్పింది. దేవుని స్నేహంలో చనిపోయినా ఇంకా శుద్ధి కావాల్సినవాళ్లు అక్కడ ఉంటారని, నవంబరు 2న వాళ్ల కోసం పూజ చెప్పిస్తామని, నాన్న పేరు కూడా ఇస్తానని అంది. మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరు. అమ్మ మాత్రం 'ఇవ్వండి వదినా' అంది. నేనేమీ అనలేదు.

ఇక షాపుకి వస్తాను. అమ్మకి దొంగతో చెప్పిన వాక్యమే కావాలి. పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టి 'పదహారు అక్షరాలమ్మా, ఒక్క ఒత్తు కూడా లేదు' అన్నాడు. నిజమే, నేనూ లెక్కపెట్టాను. తెలుగులో అంత పెద్ద మాట ఒక్క ఒత్తు కూడా లేకుండా రావడం నాకు ఆశ్చర్యమేసింది. కానీ మా సంఘ పెద్ద ఒకాయన ముందే చెప్పాడు, పరదైసులో ఉందువు అని వేస్తే మాటొస్తుంది, అది ప్రభువు చెప్పాల్సిన మాట, మీరు రాయించుకునేది కాదు అని. నాకు కోపం వచ్చింది గానీ ఆలోచిస్తే ఆ మాటలో న్యాయం ఉంది. నాన్న నరకంలో ఉన్నాడని పెట్టె దగ్గర చెప్పడానికి ఆ ప్రసంగీకుడికి ఎంత హక్కు ఉందో, పరదైసులో ఉన్నాడని రాయి మీద చెక్కించడానికి నాకూ అంతే హక్కుంది. అంటే ఇద్దరికీ లేదు.

అప్పుడు నేను ఆదికాండం 18:25 చెప్పాను. 'సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా.' దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవుడికి అడ్డం నిలబడి అడిగిన మాట. యాభైమంది నీతిమంతులు ఉంటే వదిలేస్తావా అని మొదలుపెట్టి, నలభై అయిదు, నలభై, ముప్ఫై, ఇరవై, పది దాకా దిగాడు. పదిమంది కూడా దొరకలేదు, ఊరు కాలింది, అది కూడా అక్కడే ఉంది. ధనవంతుడి కథలో అగాధం అవతల నుంచి మాట్లాడేది కూడా ఈ అబ్రాహామే. ఈ వాక్యం నాన్నని వదిలేయమని అడగడం లేదు. అమ్మ కమ్మల లెక్క కూడా అందులో ఉంది, అమ్మ తిన్న దెబ్బలూ ఉన్నాయి. ఆస్పత్రి మంచం మీద పెదాలు కదిపిన ఆ తెల్లవారుజామూ ఉంది. అన్నీ చూసినవాడు ఆయనొక్కడే. అమ్మకి ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు పలకల వైపు చూసి 'వేయించు' అంది.

పెద్దాయన నోట్‌బుక్‌లో ఆ వాక్యం లేదు. కొత్త పేజీ తీసి రాసుకున్నాడు: పందొమ్మిది అక్షరాలు, నాలుగు ఒత్తులు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొడుకు కంప్యూటర్‌లో కొట్టి ఇచ్చిన కాగితం మీద 'న్యాయము' విరిగిపోయింది. నకారం పొల్లుగా ఒక పక్క, 'యాయము' ఇంకో పక్క. 'ర్వ'లో వత్తు కిందకి రాకుండా పక్కన కూర్చుంది. ఫాంటు సమస్యట. నేను టీచర్‌ని కాబట్టి పట్టుకున్నాను, దుఃఖంలో ఉన్నవాళ్లు చాలామంది చూసుకోరు. ఆ షెడ్డులోనే వెనక ఒక పలక మీద అలాంటి తప్పు కనిపించింది, ఎవరో తిప్పి పంపించారట. దయచేసి కాగితం మీద ప్రతి అక్షరం చదివాకే సరే అనండి. రాయి మీద చెరపడం కుదరదు.

మాది చేత్తోనే చెక్కమన్నాను. పెద్దాయన పలక మీద తెల్లరంగు పల్చగా పూసి, ఆరాక కార్బన్ పేపరు పెట్టి అక్షరాలు దించాడు. తర్వాత ఉలి. దెబ్బ చాలా చిన్నది, గోరుతో తట్టినట్టు ఉంటుంది. పాలిష్ తెగిన చోట నలుపు పోయి బూడిదరంగు వస్తుంది, మధ్యలో ఆ రాగి చుక్క ఒకటి తగిలితే ఉలి కింద మెరుస్తుంది. ఒత్తులన్నీ చివరికి ఉంచాడు. ఎందుకని అడిగితే, ముందే చెక్కితే కింద లైను తలకట్లకి చోటు చాలదన్నాడు. 'చేయడా' దగ్గర ఆగి, 'ప్రశ్న గుర్తు పెట్టాలా తల్లీ?' అని అడిగాడు. మా ఇంటి బైబిల్లో లేదు. 'డా' దీర్ఘంలోనే ప్రశ్న ఉంది, వద్దన్నాను. ఆ దీర్ఘం లాగడానికి ఆయన తీసుకున్నంత సమయం పక్క అక్షరాలకి తీసుకోలేదు.

తేదీల దగ్గర ఇంకో ప్రశ్న వచ్చింది. 'ప్రభువునందు నిద్రించినది' అని వేయాలా, 'మరణము' అని వేయాలా? మామూలుగా అయితే అడగనని, మేం మాట్లాడుకున్నది విన్నాడు కాబట్టి అడిగానని చెప్పాడు. అమ్మ వెంటనే 'మరణము అని వెయ్యన్నా. మిగతాది ఆయన చూసుకుంటాడు' అంది. ఇంత మర్యాదగా అడిగినవాళ్లు ఆ నెల మొత్తంలో మాకు ఇంకెవరూ తగల్లేదు.

రంగు విషయంలో ఆయన మాట వినండి. బంగారు రంగు అందంగా ఉంటుంది గానీ రెండు ఎండాకాలాలకి వెలిసిపోతుందట. మేం తెల్లది వేయించాం.

లోపాలు కూడా చెప్పాలి. పది రోజుల్లో ఇస్తానన్నవాడు ఇరవై రోజులు చేశాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దొడ్డిలో అందరూ కొవ్వొత్తులు పెడతారు, ఆ లోపు రాయి బిగించాలని మా తాపత్రయం. శనివారం మధ్యాహ్నానికి గానీ తేలేదు. రసీదు ఇవ్వడు. సిమెంటు పనికి వచ్చిన కుర్రాడు ఒక మూల కొంచెం ఎత్తుగా పెట్టాడు, వానపడితే నీళ్లు ఒక పక్కకే జారతాయి. వీటన్నిటికీ ఒక మార్కు తీసేసి ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి, ఎండెక్కితే పెద్దాయన పని ఆపేస్తాడు.

బిగించిన రోజు మా తమ్ముడి కొడుకు వాక్యాన్ని వేలితో దిద్దుకుంటూ చదివాడు. అర్థం అడిగాడు. తాత గురించి దేవుడు అంతా చూసి సరిగ్గా చేస్తాడని రాశామని చెప్పాను. 'నీళ్లు కూడా?' అన్నాడు. 'అది కూడా ఆయన్నే అడుగుదాం' అన్నాను.

రాయి కొలతలు ఇచ్చేటప్పుడే అమ్మ ఒకటి చెప్పింది, నేను అప్పుడు పక్కన లేను. పలక కింది సగం ఖాళీగా వదలమందట, తన పేరుకి. తన పేరు కింద ఏ వాక్యం వేయాలో కూడా చెప్పింది, ఆ పదహారు అక్షరాలది. 'అది నాకు చెప్పిన వాక్యం అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, పైన ఆయన పేరు ఉంటుంది కదా' అందట. పెద్దాయన ఆ ఖాళీ ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి, నోట్‌బుక్‌లో అమ్మ పేరు రాసుకున్నాడు. అడ్వాన్స్ ఇవ్వబోతే తీసుకోలేదు.